ఎండాకాలంలో డెస్క్‌టాప్ చల్లగా ఉండాలంటే: క్యాబినెట్ ఫ్యాన్లు ఎంచుకోవడం, బిగించడం, నడపడం

మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయట ఎండ 45 డిగ్రీలు తాకుతుంటే, ఏసీ లేని గదిలో మధ్యాహ్నానికి 37, 38 డిగ్రీలు ఉండటం మామూలే. ఆ గదిలో ఉన్న కంప్యూటర్‌కి దొరికే చల్లగాలి ఆ 38 డిగ్రీల గాలే. క్యాబినెట్ ఫ్యాన్ గాలిని చల్లబరచదు. గదిలో గాలిని లోపలికి తెస్తుంది, లోపల వేడెక్కిన గాలిని బయటికి నెడుతుంది, అంతే. అందుకే గది వేడి 28 నుంచి 38కి పెరిగితే లోపలి భాగాల వేడి కూడా ఇంచుమించు ఆ 10 డిగ్రీలూ పెరుగుతుంది. జనవరిలో 72 దగ్గర నడిచిన ప్రాసెసర్ మేలో 82 చూపిస్తే ఏదో పాడైందని కంగారు పడక్కర్లేదు. ఫ్యాన్లతో మీరు తగ్గించగలిగేది గది గాలికీ క్యాబినెట్ లోపలి గాలికీ మధ్య ఉన్న తేడానే. ఆ తేడా 20 డిగ్రీలు ఉంటే 7, 8కి దించవచ్చు. అది చిన్న లాభం కాదు.

ఒక్క మాట. మన ఇళ్లల్లో డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనేస్తాం. ఇక్కడ డబ్బాని క్యాబినెట్ అనీ, లోపలి చిప్‌ని ప్రాసెసర్ అనీ అంటున్నాం.

ముందు కొలవండి, తర్వాతే కొనండి

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని సెన్సార్ల పేజీ తెరవండి. గదిలో ఒక మామూలు థర్మామీటర్ పెట్టి గది వేడి రాసుకోండి. కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు పది నిమిషాల తర్వాత ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ వేడి ఎంతో చూడండి. తర్వాత మీరు నిజంగా చేసే బరువైన పని, అంటే గేమ్ గానీ వీడియో రెండరింగ్ గానీ, 30 నిమిషాలు నడిపి మళ్లీ చూడండి. అయిదు నిమిషాల పరీక్ష చాలదు. క్యాబినెట్ రేకులు, గాలి పూర్తిగా వేడెక్కడానికి 20 నిమిషాలైనా పడుతుంది.

ఇప్పుడు పక్క రేకు, అద్దమైతే అద్దం, తీసి పక్కన పెట్టి అదే పని మరో 30 నిమిషాలు నడపండి. అసలు రోగం ఎక్కడుందో ఈ పరీక్షే చెబుతుంది. రేకు తీయగానే వేడి 6 నుంచి 10 డిగ్రీలు పడిపోయిందంటే క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు. ఫ్యాన్లు పెడితే ఫలితం ఉంటుంది. రెండు మూడు డిగ్రీలే తగ్గిందంటే క్యాబినెట్‌ది తప్పు కాదు: ప్రాసెసర్ మీద కూలర్ చిన్నదై ఉండాలి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండాలి, లేదా కూలర్ రెక్కల్లో దుమ్ము గడ్డకట్టి ఉండాలి. అప్పుడు ఎన్ని క్యాబినెట్ ఫ్యాన్లు కొన్నా డబ్బు దండగ.

అలాగే ముందున్న ప్లాస్టిక్ ముఖం ఊడదీసి ఒకసారి పరీక్షించండి. ముందంతా గాజుపలకతోనో మూసిన ప్లాస్టిక్‌తోనో ఉన్న క్యాబినెట్లలో ఆ ముఖం వెనక మూడు ఫ్యాన్లున్నా అవి పక్కనుండే వేలెడు సందులోంచి గాలి పీల్చుకోవాల్సిందే. ముఖం తీస్తే అయిదు డిగ్రీలకు మించి తగ్గితే కొత్త ఫ్యాన్ అవసరం లేదు. ఆ ముఖం స్థానంలో అయస్కాంతం అంచులున్న జాలీ ఫిల్టర్ అంటించుకోండి. చూడటానికి అంత బాగుండదు, కానీ పని చేస్తుంది.

ఎంత వేడి అయితే ఎక్కువ? ఈ మధ్య వచ్చిన ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఏఎండీ రైజెన్ 7000 వరుసలో చాలా మోడళ్లకి ఆ హద్దు 95. బరువైన పనిలో 85 లోపు ఉంటే నిశ్చింత. రైజెన్ 7000 పెద్ద మోడళ్ల విషయంలో ఒకటి గమనించాలి. అవి చోటు దొరికినంత మేర వేగం పెంచుకుంటూ 95 దాకా వెళ్లేలానే తయారయ్యాయి. వాటికి గాలి మెరుగుపరిస్తే అంకె 95 దగ్గరే ఉండి, వేగం పెరగవచ్చు. అందుకే వేడితోపాటు మెగాహెర్ట్జ్ అంకె కూడా రాసుకోండి.

ఎన్ని ఫ్యాన్లు కావాలి

ఒక లెక్క ఉంది, సులువైనదే. కంప్యూటర్ ఖర్చు చేసే వాట్లను 1.76తో గుణించి, లోపలి గాలి బయటి గాలి కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉన్నా ఫరవాలేదో ఆ అంకెతో భాగించండి. వచ్చేది నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కావాలో, అంటే సీఎఫ్ఎం. గేమ్ ఆడేటప్పుడు 400 వాట్లు లాగే కంప్యూటర్‌లో 10 డిగ్రీల తేడాతో సరిపెట్టుకుంటాం అనుకుంటే, 400 × 1.76 ÷ 10, దాదాపు 70 సీఎఫ్ఎం. మామూలు 120 మి.మీ. ఫ్యాన్ పెట్టె మీద 50, 60 అని ఉంటుంది. అది ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటి అంకె. జాలీ, ఫిల్టర్, కేబుళ్లు అడ్డం వచ్చాక అందులో సగం దక్కినా గొప్పే. పైగా దాన్ని పూర్తి వేగంతో నడపం. కాబట్టి 400 వాట్ల యంత్రానికి ముందు రెండు, వెనక ఒకటి సరిపోతాయి. ఆఫీసు పనికి వాడే, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కి ముందొకటి, వెనకొకటి చాలు. ఆరు, ఏడు ఫ్యాన్లు పెట్టినవాళ్లకి మూడో నాలుగో ఫ్యాన్ తర్వాత దక్కేది ఒకటి రెండు డిగ్రీలే, మిగతాది మోతా దుమ్మూ.

సైజు విషయంలో, క్యాబినెట్‌లో చోటుంటే 140 మి.మీ. తీసుకోండి. పెద్ద ఫ్యాన్ తక్కువ వేగంతో అంతే గాలి ఇస్తుంది, నిశ్శబ్దంగా ఉంటుంది. కొనే ముందు స్కేలుతో స్క్రూ బెజ్జాల మధ్య దూరం కొలవండి, ఫ్యాన్ అంచుల మధ్య కాదు. 120 మి.మీ. ఫ్యాన్‌కి ఆ దూరం 105 మి.మీ., 140కి 124.5. మందం మామూలుగా 25 మి.మీ. పాత చిన్న క్యాబినెట్లలో వెనక 80 లేదా 92 మి.మీ. బెజ్జాలే ఉంటాయి. దుకాణంలో చెప్పే మాట మీద కాక ఈ కొలత మీద కొనండి.

ఫిల్టర్ వెనకా, మూసినట్టుండే ముఖం వెనకా పెట్టేదానికి పీడనం ఎక్కువిచ్చే ఫ్యాన్ కావాలి. పెట్టె మీద మి.మీ. నీటి పీడనం అని రాసి ఉండే అంకె చూడండి. 1.5కి పైన ఉంటే మంచిది. వెనక, గాలి సాఫీగా వెళ్లే చోట ఇది అంత ముఖ్యం కాదు. బేరింగ్ కూడా అడగండి. స్లీవ్ బేరింగ్ ఫ్యాన్లు చవక, కానీ పైకప్పుకి పడుకోబెట్టి బిగిస్తే, అందులోనూ వేడిలో, త్వరగా నూనె ఆరిపోయి గరగరలాడతాయి. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగో బాల్ బేరింగో ఉన్నదానికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. లైట్ల కోసం ఫ్యాన్ కొనకండి. అదే ధరలో లైట్లు లేనిది దాదాపు ఎప్పుడూ మెరుగైన మోటారుతో వస్తుంది.

ఏ ఫ్యాన్ ఎటు చూడాలి

ఫ్యాన్‌కి రెండు ముఖాలు. రెక్కలు అడ్డం లేకుండా కనిపించే ముఖం నుంచి గాలి లోపలికి పోతుంది. మోటారుని పట్టుకున్న కమ్మీలు, వైరు బయటికొచ్చే ముఖం వైపు నుంచి బయటికి వస్తుంది. కొన్ని ఫ్యాన్ల చట్రం పక్కన బాణం గుర్తులుంటాయి. తిరగేసిన రెక్కలతో ఇప్పుడు కొన్ని రకాలు వస్తున్నాయి, వాటికి ఈ గుర్తు పనికిరాదు. అనుమానం ఉంటే ఫ్యాన్‌ని నడిపి చిన్న టిష్యూ ముక్క దగ్గర పెట్టండి: అతుక్కుంటే అటు పీలుస్తోంది, రెపరెపలాడితే అటు ఊదుతోంది.

గాలి ముందు నుంచీ కింద నుంచీ లోపలికి రావాలి, వెనక నుంచీ పై నుంచీ బయటికి పోవాలి. ఒకే ఫ్యాన్ కొనగలిగితే, వెనక ఇప్పటికే ఒకటి ఉందనుకుంటే, దాన్ని ముందు భాగంలో కింది బెజ్జానికి పెట్టండి. 200 వాట్లు లాగే గ్రాఫిక్స్ కార్డుకి సూటిగా గాలి అందేది అక్కడి నుంచే. ప్రాసెసర్‌కి పక్కకి గాలి ఊదే టవర్ కూలర్ ఉంటే రెండో ఫ్యాన్ ముందు పై బెజ్జానికి.

పైకప్పు దగ్గర చాలామంది పొరబడతారు. పైన రెండు బెజ్జాలుంటే వెనకవైపున్నదానికే, బయటికి ఊదేలా, ఒకటి పెట్టండి. ముందువైపున్న బెజ్జానికి బయటికి ఊదే ఫ్యాన్ పెడితే, ముందు ఫ్యాన్ తెచ్చిన చల్లగాలిని అది ప్రాసెసర్ దాకా వెళ్లనివ్వకుండా మధ్యలోనే బయటికి లాగేస్తుంది. ఖర్చు పెట్టి వేడి పెంచుకున్నట్టవుతుంది. ఆ బెజ్జం ఖాళీగా వదిలి, పైన అట్టముక్కతో మూసెయ్యండి.

లోపలికి తెచ్చే గాలి, బయటికి పంపేదాని కన్నా కాస్త ఎక్కువ ఉండాలి. అలా ఉంటే సందుల్లోంచి గాలి బయటికే వెళ్తుంది, ఫిల్టర్ ఉన్న చోటు నుంచే లోపలికి వస్తుంది. బయటికి పంపేది ఎక్కువైతే వెనక స్లాట్ల సందుల్లోంచి, యూఎస్‌బీ పోర్టుల చుట్టూ, ఫిల్టర్ లేని ప్రతి చోటు నుంచీ దుమ్ము పీల్చుకుంటుంది. రోడ్డు పక్క ఇంట్లో, కొత్తగా కడుతున్న భవనం పక్కన ఉండేవాళ్లకి నెలలోనే ఆ తేడా కనిపిస్తుంది. వెనక స్లాట్ల రేకులు ఊడిపోయి ఖాళీగా ఉంటే మూయండి. బల్లులు లోపలికి దూరేది కూడా అక్కడి నుంచే. అవి మదర్‌బోర్డు మీద షార్ట్ చేసి తామూ పోతాయి, బోర్డునీ తీసుకుపోతాయి.

పవర్ సప్లై కింద ఉండే క్యాబినెట్‌లో అడుగున జాలీ ఉంటే దాని ఫ్యాన్ కిందికి చూడాలి. పవర్ సప్లై పైన ఉండే పాత రకం క్యాబినెట్‌లో దాని ఫ్యాన్ లోపలి వేడిగాలినే పీల్చి వెనక నుంచి బయటికి పంపుతుంది. అందులో వెనక ఫ్యాన్ కన్నా ముందు ఫ్యాన్‌కే ముందు డబ్బు పెట్టండి.

బిగించడం

కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన చార్జ్ పోతుంది. క్యాబినెట్ రేకుని చేత్తో ఒకసారి తాకి పని మొదలుపెట్టండి, మధ్యమధ్యలో కూడా తాకుతుండండి. స్క్రూ డ్రైవర్ 2వ నంబరు స్టార్ రకం కావాలి.

ఫ్యాన్‌తో వచ్చే నాలుగు స్క్రూలు లావుగా, ముతక మరతో ఉంటాయి. ప్లాస్టిక్‌లో మర అవే కోసుకుంటూ దిగుతాయి కాబట్టి మొదటిసారి బిగువుగానే ఉంటాయి. స్క్రూని నిటారుగా పెట్టి, నొక్కి తిప్పండి. నాలుగింటినీ సగం దాకా దించి, తర్వాత మూలకి మూల చొప్పున బిగించండి. ఒకదాన్నే ముందు పూర్తిగా బిగిస్తే మిగతా బెజ్జాలు కుదరవు. చివర్లో బలవంతం పెట్టకండి, ప్లాస్టిక్ మూల విరుగుతుంది. వైరు ఏ మూల నుంచి రావాలో ముందే చూసుకుని ఫ్యాన్‌ని తిప్పి పెట్టుకోండి. లేకపోతే బిగించాక మళ్లీ ఊడదీయాల్సి వస్తుంది. వైరుని రెక్కలకి తగలకుండా జిప్ టైతో కట్టేయండి.

కనెక్టర్లు: ఇక్కడ పొరబాటు ఖరీదైనది

మూడు పిన్నుల ఫ్యాన్ వేగం వోల్టేజీతో మారుతుంది. నాలుగు పిన్నులది నాలుగో పిన్ను మీదుగా వచ్చే పీడబ్ల్యూఎం అనే సంకేతంతో మారుతుంది. రెండూ మదర్‌బోర్డు మీది నాలుగు పిన్నుల హెడర్‌కి, అంటే వైరు గుచ్చే పిన్నుల వరుసకి, ఎక్కుతాయి, గాడి చూసుకుని పెట్టాలి. మూడు పిన్నుల ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతో హోరెత్తుతోందంటే బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఆ హెడర్ పీడబ్ల్యూఎంలో ఉందని అర్థం. దాన్ని డీసీకి, అంటే వోల్టేజీ పద్ధతికి, మార్చండి, సర్దుకుంటుంది.

క్యాబినెట్ ఫ్యాన్లను సిస్టమ్ ఫ్యాన్, ఛాసిస్ ఫ్యాన్ అని రాసి ఉన్న హెడర్లకే పెట్టండి. ప్రాసెసర్ కూలర్ వైరు తీసి ఆ చోట క్యాబినెట్ ఫ్యాన్ పెట్టకండి. ప్రాసెసర్ ఫ్యాన్ హెడర్ ఖాళీగా ఉంటే చాలా బోర్డులు ఆన్ చేయగానే ఎర్రర్ చూపి ఆగిపోతాయి. ఒక్కో హెడర్ మామూలుగా 1 ఆంపియర్ దాకా ఇస్తుంది. మీ బోర్డు మాన్యువల్‌లో చూసుకోండి. ఫ్యాన్ మోటారు మీది స్టిక్కర్ 0.25 ఆంపియర్లు అంటే చీలిక వైరుతో ఒక హెడర్‌కి మూడు పెట్టవచ్చు. అంతకు మించితే సాటా పవర్ తీసుకునే ఫ్యాన్ హబ్ కొనండి. కరెంటు పవర్ సప్లై నుంచి వస్తుంది, వేగం సంకేతం మాత్రమే బోర్డు నుంచి వస్తుంది.

లైట్ల వైరు వేరు. ఒక్కో బల్బు రంగు విడిగా మారే రకం 5 వోల్టులది, మూడు పిన్నులు. అన్నీ ఒకే రంగులో మారే రకం 12 వోల్టులది, నాలుగు పిన్నులు. 5 వోల్టుల లైట్లని 12 వోల్టుల హెడర్‌కి బలవంతంగా తోస్తే ఆ క్షణంలోనే కాలిపోతాయి. హెడర్ పక్కన బోర్డు మీద ముద్రించిన వోల్టేజీ చదివాకే పెట్టండి.

వేగం సర్దడం

ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్లండి. చాలా బోర్డులకి డిలీట్ కీ, కొన్నింటికి ఎఫ్2. ఆసుస్‌లో క్యూ-ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్, ఎంఎస్ఐలో హార్డ్‌వేర్ మానిటర్ అనే పేజీలో, ఏ వేడికి ఎంత వేగమో చూపే ఫ్యాన్ గీత కనిపిస్తుంది. మన ఎండలకి ఇలా మొదలుపెట్టండి: 50 డిగ్రీల దాకా 40 శాతం, 65కి 55, 75కి 75, 85కి 100. ఫ్యాక్టరీ గీత 70కే పూర్తి వేగం అనేలా ఉంటే, మే నెలలో ఫ్యాన్లు రోజంతా మోగుతూనే ఉంటాయి, దాని వల్ల దక్కేది మాత్రం పెద్దగా ఉండదు. వేగం మారడానికి తీసుకునే ఆలస్యం అడిగే చోట నాలుగైదు సెకన్లు పెట్టండి. లేకపోతే బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ప్రాసెసర్ క్షణకాలం వేడెక్కి, ఫ్యాన్లు ఉస్సుమని లేచి పడిపోతుంటాయి. చెవికి స్థిరమైన మోత కన్నా ఈ ఎగుడుదిగుడే ఎక్కువ బాధ.

ఫ్యాన్‌ని 20 శాతానికి దించితే కొన్ని తిరగడం ఆగిపోతాయి. 40 నుంచి అయిదేసి శాతం దించుతూ, ఏ అంకె దగ్గర ఆగుతుందో చూసి, దానికి 10 పైన ఉంచండి. వేగాన్ని అయిదో వంతు తగ్గిస్తే మోత దాదాపు 5 డెసిబెల్స్ తగ్గుతుంది, గాలి మాత్రం అయిదో వంతే తగ్గుతుంది. ఒక ఫ్యాన్ 1500 తిరుగుళ్లతో నడిచే కన్నా రెండు 900తో నడవడం మేలు అనేది ఇందుకే.

గేమ్‌లు ఆడేవాళ్లకి ఇంకో చిక్కు. బయోస్ సాధారణంగా క్యాబినెట్ ఫ్యాన్లను ప్రాసెసర్ వేడిని బట్టి నడుపుతుంది. గేమ్‌లో గ్రాఫిక్స్ కార్డు 80 దాటి, ప్రాసెసర్ 60లోనే ఉంటే ఫ్యాన్లు నింపాదిగా తిరుగుతూ ఉంటాయి. విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, ముందు ఫ్యాన్లకి ఆధారంగా ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల్లో ఏది ఎక్కువైతే దాన్ని తీసుకోమని చెప్పండి. మేము చూసినంతలో ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఎక్కువ లాభం ఇచ్చే మార్పు ఇదే.

అంతా అయ్యాక రేకు మూసి, వెలిగించిన అగరొత్తిని ముందు జాలీకి జానెడు దూరంలో కొన్ని సెకన్లు పట్టుకోండి. పొగ నేరుగా లోపలికి వెళ్లాలి. తర్వాత వెనక, పైన, పక్క సందుల దగ్గర చూడండి. వెనక ఫ్యాన్ పొగని గట్టిగా నెట్టాలి, సందుల దగ్గర లోపలికి పీల్చకూడదు. ఎక్కువసేపు పట్టుకోకండి, పొగ మసి రెక్కలకి అంటుకుంటుంది. పూజగది పక్కనే, వంటింటి పక్కనే కంప్యూటర్ పెట్టకూడదని చెప్పేది కూడా ఇందుకే. నూనె ఆవిరితో కలిసిన దుమ్ము జిగురులా పట్టుకుని, బ్లోయర్‌కి కూడా వదలదు.

కంప్యూటర్ ఎక్కడుంది

తలుపులున్న కంప్యూటర్ టేబుల్ అరలో క్యాబినెట్ పెట్టి తలుపు మూస్తే, వెనక నుంచి వచ్చిన వేడిగాలే ముందు నుంచి మళ్లీ లోపలికి వెళ్తుంది. అప్పుడు ఏ ఫ్యాన్ కూడా మిమ్మల్ని కాపాడదు. తలుపు తీసేయండి, వెనక చెక్క కోయించండి, లేదా క్యాబినెట్‌ని బయట పెట్టండి. వెనక గోడకి 15 సెంటీమీటర్లు వదలండి. నేల మీద కాకుండా అరడుగు ఎత్తున పెడితే ఊడ్చేటప్పుడు లేచే దుమ్ము తక్కువ పడుతుంది.

నీళ్ల ఎయిర్ కూలర్ గాలి సూటిగా క్యాబినెట్‌కి తగలనివ్వకండి. చల్లగానే ఉంటుంది, కానీ తేమ నిండిన గాలి. ఒక్కోసారి తుంపర కూడా వస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలితో ఇప్పటికే తుప్పు బాధ ఉంది, దానికి ఇది తోడవుతుంది. పక్క రేకు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం ఒక పూటకి గట్టెక్కిస్తుంది. నెలలు అలాగే ఉంచితే దుమ్ముతో కూలర్ రెక్కలు మూసుకుపోయి మొదటికే మోసం వస్తుంది.

శుభ్రం

ఫిల్టర్ జాలీలను ఎండాకాలంలో రెండు వారాలకోసారి తీసి నీళ్లతో కడగండి, పూర్తిగా ఆరాకే పెట్టండి. లోపల మూడు నెలలకోసారి బ్లోయర్‌తో ఊదండి. ఒక అడుగు దూరం నుంచి ఊదాలి, ఇంట్లో కాదు, బాల్కనీలోనో పెరట్లోనో. ఊదేటప్పుడు ప్రతి ఫ్యాన్ రెక్కనీ వేలితో కదలకుండా పట్టుకోండి. గాలికి విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. తిరిగే మోటారు డైనమోలా కరెంటు పుట్టించి బోర్డు వైపు పంపే అవకాశం కూడా ఉంది. పవర్ సప్లైని బయట నుంచే ఊదండి, ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసే వోల్టేజీ ఉండవచ్చు.

శుభ్రం చేశాక కూడా ఏదైనా ఫ్యాన్ గరగరలాడితే, నడుస్తున్నప్పుడు మోటారు స్టిక్కర్ ఉన్న వైపు మధ్యలో వేలి కొనతో మెల్లగా ఒక్క క్షణం నొక్కండి. మోత మారితే బేరింగ్ పోయినట్టే. స్టిక్కర్ తీసి కుట్టుమిషను నూనె చుక్క వేస్తే స్లీవ్ బేరింగ్ ఫ్యాన్ కొన్ని వారాలో నెలలో నడుస్తుంది. ఆ లోపు కొత్తది తెచ్చి పెట్టుకోండి.